సెల్ఫ్ ఒకరోజు తీసుకుంటుంది, ఒకరోజు తీసుకోదు – ఎందుకు?

ఈ సంచికకు ఏదైనా శాస్త్ర విషయం రాయమని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు, గ్రహాల గురించో కంప్యూటర్ల గురించో కాకుండా పాత కారు గురించి రాయాలని మేము అనుకున్నాము. దానికి కారణం ఉంది. మన హాస్టల్ పిల్లల్లో ఎవరింట్లోనైనా కారు ఉందంటే అది చాలావరకు షికారుకు కాదు, కిరాయికి. నాన్నో, బాబాయో, మేనమామో దాని మీద బతుకుతూ ఉంటారు. ఉదయం ఆ బండి కదిలితేనే ఆ రోజు కూలి. అటువంటి బండికి వచ్చే జబ్బుల్లో ఇంజన్ బోరుకు రావడం కన్నా, గేరుబాక్సు పోవడం కన్నా మనిషిని ఎక్కువగా తినేసే జబ్బు ఒకటుంది. అదే ఒకసారి సెల్ఫ్ తీసుకోవడం, ఇంకోసారి తీసుకోకపోవడం.

పూర్తిగా చెడిపోయిన బండి నయం. తాళం తిప్పితే ఎప్పుడూ కదలదు కాబట్టి మెకానిక్ ముందు కూడా కదలదు, అతను వెతుకుతాడు, దొరుకుతుంది. ఉండి ఉండి వచ్చే లోపం అలా కాదు. బండిని ఆటోనగర్‌కు తీసుకువెళ్లి షాపు ముందు ఆపి తాళం తిప్పితే బుద్ధిగా స్టార్ట్ అవుతుంది. వెతకడానికి అక్కడ లోపమే ఉండదు. అప్పుడు జరిగేది పరీక్ష కాదు, ఊహ. ఊహకు అయ్యే ఖర్చు బండి యజమానిది.

మాలో ఒకరి బాబాయికి విజయవాడ సింగ్‌నగర్‌లో ఒక తెల్ల అంబాసిడర్ ఉంది. డీజిల్ బండి. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపాడ ఫ్యాక్టరీలో హిందుస్థాన్ మోటార్స్ వారు 2014లో అంబాసిడర్ తయారీ ఆపేశారు. కొత్తది దొరకదు కాబట్టి ఉన్నవాటికి పెళ్లిళ్లలో గిరాకీ. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు ఈ బండి మూడు రోజులు తలుపుల దాకా నీళ్లలో నిలబడింది. నీరు తీశాక ఆయిళ్లన్నీ మార్పించి, సీట్లు ఎండబెట్టి బాబాయి మళ్లీ రోడ్డెక్కించారు. నాలుగైదు నెలలు బాగానే తిరిగింది. ఆ మాఘమాసంలో ఉయ్యూరు దగ్గర ఒక పల్లెలో పూలతో అలంకరించిన బండిలో పెళ్లికొడుకు ఎక్కి కూర్చున్నాక సెల్ఫ్ తీసుకోలేదు. ముందు బ్యాండు మోగుతోంది, వెనక కుర్రాళ్లు బండి తోస్తున్నారు, అరుగుల మీద వాళ్లు నవ్వుతున్నారు. పెళ్లివారు కిరాయిలో సగం కోసుకున్నారు. మాట పాకి మరో రెండు పెళ్లిళ్ల బేరం కూడా పోయింది.

తరువాత రెండు నెలల్లో కొత్త బ్యాటరీ వేశారు. సెల్ఫ్ మోటారు విప్పి రీవైండింగ్ చేయించి కార్బన్ బ్రష్‌లు మార్చారు. ఆపైన సాలినాయిడ్ మార్చారు. మొత్తం 14 వేల రూపాయలు. ప్రతి పని తరువాతా వారమో పది రోజులో బండి చక్కగా తీసుకునేది. ఆ తరువాత మళ్లీ మామూలే.

ఇందులో ఎవరినీ మోసగాళ్లు అనడానికి లేదు. ఆటోనగర్‌లో పని ఎలా పంచుకుని ఉంటుందో మనలో చాలామందికి తెలుసు. బ్యాటరీ కొట్టు వేరు, సెల్ఫ్, డైనమో చూసే ఎలక్ట్రీషియన్ వేరు, రేడియేటర్ వేరు, పంపు నాజిల్ పని వేరు. ఎవరి పనిలో వాళ్లు ఘనులు. కాని లోపం ఒక సామానులో కాకుండా రెండు సామాన్ల నడుమ అతుకులో ఉంటే అది ఏ కొట్టుకూ చెందదు.

సెల్ఫ్ ఎలా తిరుగుతుంది?

పాతకాలపు బండ్లకు ముందువైపు హ్యాండిల్ పెట్టి తిప్పి స్టార్ట్ చేసేవారు. ఇంజన్ వెనక్కి తన్నితే చెయ్యి విరిగేది. 1912లో అమెరికాలో క్యాడిలాక్ కారుకు చార్లెస్ కెటరింగ్ రూపొందించిన కరెంటు స్టార్టర్ అమర్చారు. మనం సెల్ఫ్ అని పిలిచేది దాన్నే.

సెల్ఫ్‌కు రెండు దారుల్లో కరెంటు వెళుతుంది. ఒకటి చిన్న దారి. తాళం తిప్పగానే సన్నని వైరు గుండా కొద్దిపాటి కరెంటు సాలినాయిడ్‌కు చేరుతుంది. సాలినాయిడ్ అంటే రాగితీగ చుట్టిన ఒక అయస్కాంతం. అది లోపలి ఇనుప కడ్డీని లాగి, సెల్ఫ్ పళ్లచక్రాన్ని ఫ్లైవీల్ రింగుకు తగిలించి, అదే ఊపులో లావైన రాగి కాంటాక్టులను కలుపుతుంది. మనకు వినపడే ‘టక్’ అదే. అప్పుడు పెద్ద దారి తెరుచుకుంటుంది. బ్యాటరీ ప్లస్ నుంచి లావు కేబులు, రాగి కాంటాక్టులు, మోటారు, ఇంజన్ శరీరం, అక్కడి నుంచి ఎర్త్ పట్టీ ద్వారా ఛాసిస్, ఛాసిస్ నుంచి తిరిగి బ్యాటరీ మైనస్. ఈ దారిలో 150, 200, డీజిల్ బండ్లలో అంతకన్నా ఎక్కువ ఆంపియర్లు పారుతాయి. మన హాస్టల్ గదిలోని సీలింగ్ ఫ్యాన్ అర ఆంపియరు కూడా తీసుకోదు.

కరెంటు వెళ్లే దారిని అందరూ చూస్తారు, తిరిగొచ్చే దారిని ఎవరూ పట్టించుకోరు. ఇంజన్ అదురు బాడీకి తగలకుండా రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది. రబ్బరులో కరెంటు పారదు. అందుకే ఇంజన్‌కూ ఛాసిస్‌కూ మధ్య రాగితీగలు జడలా అల్లిన ఒక పట్టీ బిగిస్తారు. అదే ఎర్త్ పట్టీ. బండి అడుగున, బురదలో, నూనె మరకల్లో ఉంటుంది. సెల్ఫ్ తాగే కరెంటంతా దాని గుండానే వెనక్కి రావాలి.

కాలువ కింద వ్యవసాయం చూసినవారికి మిగిలినది తేలిక. ప్రకాశం బ్యారేజీ దగ్గర నీటిమట్టం నిండుగా ఉన్నా, మధ్యలో గుర్రపుడెక్క కమ్మేస్తే శివారు పొలానికి నీరు అందదు. ఇంకో సంగతి గమనించండి. కింద తూములన్నీ మూసి ఉంటే, డెక్కకు ఎగువనా దిగువనా నీరు ఒకే మట్టంలో నిలిచి ఉంటుంది. అడ్డు ఉన్నట్లే తెలియదు. తూములు ఎత్తి నీరు లాగడం మొదలుపెట్టినప్పుడే డెక్కకు దిగువన మట్టం పడిపోతుంది. కారులో కూడా అంతే. నీటిమట్టం వోల్టేజి, పారే నీరు ఆంపియర్లు, గుర్రపుడెక్క తుప్పు పట్టిన అతుకు. కరెంటు పారనప్పుడు తుప్పు అతుకు మంచి అతుకులాగే కనిపిస్తుంది. అందువల్ల ఇటువంటి లోపాన్ని సెల్ఫ్ కొడుతున్న ఆ రెండు మూడు సెకన్లలోనే పట్టుకోవాలి.

పదవ తరగతిలో మనం చదివిన ఓమ్ నియమం ఇక్కడ పనికొస్తుంది. వోల్టులు = ఆంపియర్లు × ఓమ్‌లు. ఒక అతుకులో నిరోధం 0.02 ఓమ్ ఉందనుకోండి. హెడ్‌లైటుకు పోయే 5 ఆంపియర్లు దాని గుండా వెళితే నష్టం 0.1 వోల్టు, ఎవరికీ తెలియదు. 150 ఆంపియర్లు వెళితే నష్టం 3 వోల్టులు. పన్నెండు వోల్టుల బండిలో మూడు వోల్టులు దారిలోనే పోతే సెల్ఫ్‌కు ఇంకేం మిగులుతుంది? పోనీ మల్టీమీటరును ఓమ్‌ల మీద పెట్టి ఆ 0.02ను చూద్దామంటే చిన్న మీటరుకు అది అందదు. దాని సొంత తీగల నిరోధమే అంతకన్నా ఎక్కువ. టెస్ట్ ల్యాంపు కూడా వెలుగుతుంది, ఎందుకంటే జడలో ఒక్క తీగ మిగిలినా ల్యాంపుకు చాలు. “వైరింగ్ అంతా బాగుందండీ” అని చెప్పిన ఎలక్ట్రీషియన్ అబద్ధం చెప్పలేదు.

ముందు చెవి, తరువాత మీటరు

మీటరు తీయకముందే బండి చాలా చెబుతుంది. తాళం తిప్పినప్పుడు హెడ్‌లైట్లు వేసి ఉంచండి. చప్పుడు ఏమీ లేకుండా, లైట్లు వెలుగు తగ్గకుండా ఉంటే చిన్న దారిలో లోపం. తాళం స్విచ్చి అరగడం, సాలినాయిడ్‌కు వెళ్లే సన్నని వైరు వదులు కావడం వంటివి. టకటకటకమని ఆగకుండా కొట్టుకుంటే, లైట్లు కూడా మిణుకుమంటే బ్యాటరీ డౌన్ అయి ఉండాలి, లేదా బ్యాటరీ టెర్మినల్ వదులు కావాలి. ఒక్కసారి గట్టిగా టక్ మని ఆగిపోతే పెద్ద దారిలో అడ్డు, లేదా సాలినాయిడ్ కాంటాక్టులు కాలిపోవడం, లేదా బ్రష్‌లు అరగడం. సెల్ఫ్ గిర్రున తిరిగి ఇంజన్ అందుకోకపోతే అది సెల్ఫ్ జబ్బు కాదు, డీజిల్ లేదా పెట్రోలు సంగతి. దాన్ని కూడా “సెల్ఫ్ తీసుకోవడం లేదు” అని చెప్పి సెల్ఫ్ విప్పించేవారు ఉన్నారు.

బాబాయి బండి ఒక్క టక్ దగ్గర ఆగేది. కొన్నిసార్లు మూలిగినట్లు అర చుట్టు తిరిగి ఆగేది.

మేము చేసిన మొదటి పని ఆయనకు ఒక నోటుబుక్కు ఇవ్వడం. తీసుకోని ప్రతిసారీ తేదీ, వేళ, ఇంజన్ వేడిగా ఉందా చల్లగా ఉందా, తిరిగి ఎలా తీసుకుంది అని నాలుగు ముక్కలు రాయమన్నాము. “ఏరా అబ్బాయిలూ, బండికి కూడా హాజరుపట్టీనా?” అన్నారు బాబాయి. అన్నా రాశారు. మూడు వారాల్లో 11 సార్లు. అందులో 8 సార్లు ఉదయం మొదటి స్టార్టు. ఇంజన్ ఆయిలు చల్లగా ఉండి చిక్కబడితే సెల్ఫ్ మీద బరువు ఎక్కువ, కరెంటు ఎక్కువ లాగాలి, కాబట్టి అడ్డు ఎక్కడున్నా అప్పుడే బయటపడుతుంది. రెండో ఆధారం ఇంకా మంచిది. బండిని కాస్త ముందుకూ వెనక్కూ ఊపితే తీసుకునేది. ఊపితే తీసుకుంటుందంటే రింగు పళ్లు ఒకచోట అరిగాయని సాధారణంగా చెబుతారు, అది నిజం కూడా కావచ్చు. కాని బండి గేరులో ఉన్నప్పుడు ఊపితేనే ఇంజన్ తిరిగి రింగు జరుగుతుంది. బాబాయి న్యూట్రల్‌లో ఊపేవారు. అప్పుడు రింగు జరగదు. ఇంజన్ మౌంటింగుల మీద కదులుతుంది, దానికి బిగించిన వైర్లు కదులుతాయి. అంటే ఎక్కడో అతుకు.

ప్రతి రిపేరు తరువాత వారం రోజులు ఎందుకు బాగుండేదో కూడా దీంతో అర్థమయింది. సెల్ఫ్ విప్పి బిగించినప్పుడల్లా కేబుళ్లు లాగుతారు, ఇంజన్ కదులుతుంది, తుప్పు కొంచెం రాలి కొత్త లోహం తగులుతుంది. నయం చేసింది కొత్త సామాను కాదు, బిగించే చేతుల కుదుపు.

ఒక ఉదయం ఆరు గంటలకు 250 రూపాయల డిజిటల్ మల్టీమీటరుతో సింగ్‌నగర్ వెళ్లాము. మీరు కూడా చేయదలిస్తే ముందు కొన్ని జాగ్రత్తలు. గేరు న్యూట్రల్, హ్యాండ్‌బ్రేకు వెయ్యాలి, చక్రాలకు రాళ్లు పెట్టాలి. ఇంజన్ అందుకోకుండా డీజిల్ బండి అయితే ఇంజన్ ఆపే నాబ్ లాగి ఉంచాలి. పాత పెట్రోలు బండి అయితే డిస్ట్రిబ్యూటర్ నుంచి కాయిలు వైరు తీసి ఎర్త్‌కు తగిలించాలి. చేతికి ఉంగరం, కడియం ఉండకూడదు. బ్యాటరీ దగ్గర బీడీ, అగ్గిపుల్ల వద్దు, అక్కడ మండే వాయువు ఉంటుంది. సెల్ఫ్ ఒకసారికి పది సెకన్లు మించి కొట్టవద్దు. ఒకరు తాళం తిప్పాలి, ఒకరు మీటరు పట్టుకోవాలి.

మీటరును డీసీ 20 వోల్టుల మీద పెట్టాము. సెల్ఫ్ కొట్టకముందు బ్యాటరీ రెండు మొనల మధ్య 12.5. నిండు బ్యాటరీకి సుమారు 12.6 ఉంటుంది కాబట్టి బ్యాటరీ మంచిదే. సెల్ఫ్ కొట్టమన్నాము. టక్ మని ఆగింది. బ్యాటరీ దగ్గర 11.6. ఇది విచిత్రం. సెల్ఫ్ తిరగనప్పుడు బ్యాటరీ బలహీనమైతే అక్కడ 9 వోల్టుల కిందికి పడిపోవాలి. పడలేదు. బ్యాటరీ ఇవ్వడానికి సిద్ధంగా ఉంది, దారి తీసుకోవడం లేదు.

తరువాత ఒక మొన బ్యాటరీ ప్లస్ సీసపు మొనకు (దాని మీది క్లాంపుకు కాదు, సీసానికే), రెండోది సాలినాయిడ్ దాటి మోటారు వైపు ఉన్న బోల్టుకు తగిలించి సెల్ఫ్ కొట్టాము. 0.3 వోల్టు. ఈ వైపు నష్టం అర వోల్టు దాకా సహించవచ్చు. చివరగా ఒక మొన బ్యాటరీ మైనస్ సీసానికి, రెండోది ఇంజన్ మీద రంగులేని లోహానికి పెట్టాము. ఇక్కడ సున్నాకు దగ్గరగా ఉండాలి. సెల్ఫ్ కొడితే 3.0 చూపించింది.

లెక్క కట్టండి. 11.6 నుంచి 0.3, 3.0 తీసేస్తే సెల్ఫ్‌కు అందింది 8.3 వోల్టులు. కరెంటు సుమారు 150 ఆంపియర్లు అనుకుంటే ఆ అతుకు నిరోధం 0.02 ఓమ్, అక్కడ వేడిగా పోతున్న శక్తి 450 వాట్లు. మాలో ఒకరు డ్యాష్‌బోర్డు కింద నుంచి ఇంజన్‌కు వెళ్లే ఇనుప కేబులు పట్టుకుని చూశారు, గోరువెచ్చగా ఉంది. ఎర్త్ పట్టీ దారి ఇవ్వకపోతే కరెంటు దొరికిన సందులోంచి, ఇటువంటి కేబుళ్ల గుండా వెనక్కి రావడానికి చూస్తుంది. పాత బండిలో యాక్సిలరేటర్ కేబులో, స్టాప్ కేబులో కారణం లేకుండా మాడితే ముందు ఎర్త్ పట్టీ చూడండి.

అయినా అప్పుడే సామాను కొనలేదు. జంపర్ కేబులు ఒకటి తెచ్చి బ్యాటరీ మైనస్ నుంచి నేరుగా ఇంజన్ శరీరానికి వేశాము. నాబ్ లోపలికి నొక్కి తాళం తిప్పితే మొదటి దెబ్బకే అందుకుంది. జంపర్ తీసి ఆపి కొడితే టక్. మళ్లీ వేస్తే అందుకుంది. ఇలా మూడుసార్లు లోపాన్ని మనం కావాలన్నప్పుడు తెప్పించి, కావాలన్నప్పుడు పోగొట్టగలిగితే, అప్పుడు జేబులో చెయ్యి పెట్టవచ్చు.

బండి కిందికి దూరి చూస్తే పట్టీ పైకి బాగానే ఉంది. విప్పితే ఛాసిస్ వైపు కన్ను కింద ఎర్రటి తుప్పు, జడ లోపల పచ్చటి చిలుము. సగం తీగలు చేతిలోకే ఊడి వచ్చాయి. వరద నీరు జడలోకి దూరి, పైన ఎండినా లోపల నెలల తరబడి పనిచేస్తూ వచ్చింది. కొత్త పట్టీ 300 రూపాయల లోపే. రెండు చివర్లా గరుకు కాగితంతో మెరిసే లోహం కనిపించేదాకా గీసి, బిగించి, బిగించిన తరువాత పైన గ్రీజు రాశాము. గ్రీజు ముందు రాయకూడదు, లోహానికి లోహం తగలాలి.

మళ్లీ కొలిచినప్పుడు ఎర్త్ వైపు 0.2, ప్లస్ వైపు 0.5, సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ దగ్గర 11.0. “ఇదేంటి, ఇంతకుముందు 11.6 ఉంది కదా, తగ్గిందేం?” అని బాబాయి కంగారుపడ్డారు. తగ్గాలి. ఇప్పుడు దారి తెరుచుకుని నిండు కరెంటు పారుతోంది, సెల్ఫ్‌కు 10.3 అందుతోంది. తూములన్నీ ఎత్తితే బ్యారేజీ దగ్గర మట్టం కొంచెం దిగినట్లే.

అన్ని బండ్లకూ ఇదే జబ్బు ఉండదు

బాబాయి బండి ఉదయం మొరాయించేది. కొన్ని బండ్లు ఉదయం బాగా తీసుకుని, మే నెలలో బందరు దాకా పోయి భోజనానికి ఆగి పావుగంట తరువాత తాళం తిప్పితే పలకవు. గంట ఆగితే మళ్లీ మామూలు. రాగి వేడెక్కితే దాని నిరోధం డిగ్రీకి సుమారు 0.4 శాతం పెరుగుతుంది. ఇంజన్ ఆపాక ఆ వేడంతా పక్కనున్న సాలినాయిడ్‌కు ఎక్కి అది 60 డిగ్రీలు పెరిగితే నిరోధం దాదాపు నాలుగో వంతు పెరిగినట్లు. తాళం స్విచ్చి కూడా పాతదై అక్కడ ఒక వోల్టు పోతుంటే అయస్కాంతానికి కడ్డీని లాగే బలం చాలదు. బండి వేడిగా మొండికేసినప్పుడే సాలినాయిడ్ చిన్న వైరు దగ్గర వోల్టేజి కొలవాలి. అక్కడ తక్కువ వస్తుంటే సెల్ఫ్ విప్పకుండా తాళానికీ సాలినాయిడ్‌కూ మధ్య ఒక రిలే పెట్టించితే సరిపోవచ్చు.

కార్బురేటర్ ఉన్న పాత మారుతి 800, ఓమ్ని, పద్మిని వంటి వాటిలో సెల్ఫ్ బాగా తిరిగి ఇంజన్ అందుకోకపోవడం ఎండాకాలం ఒక కారణంతో, వానాకాలం ఇంకో కారణంతో జరుగుతుంది. ఎండలో పైపులోనే పెట్రోలు ఆవిరై పంపుకు అందదు. పంపు మీద తడిగుడ్డ వేస్తే తీసుకుందంటే ఇదే. తుపాను ముసురులో డిస్ట్రిబ్యూటర్ మూత లోపల చెమ్మ పట్టి స్పార్కు దారి తప్పుతుంది. మూత తీసి పొడిగుడ్డతో తుడిస్తే తీసుకుంటుంది, మళ్లీ మళ్లీ వస్తుంటే మూతలో సన్నని పగులు ఉందేమో చూడాలి. దివిసీమలో, బందరు వైపు సముద్రపు గాలికి అతుకులు ఇంకా తొందరగా చిలుము పడతాయి. అక్కడ ఏడాదికి ఒకసారి బ్యాటరీ టెర్మినళ్లు, ఎర్త్ పట్టీ విప్పి గీసి బిగించుకోవడం మంచిది. వరదలో మునిగిన బండ్లకు ఇది ఇంకా ముఖ్యం. 2024లో మునిగిన బండి ఎవరింట్లోనైనా ఉంటే, ఇప్పుడు బాగానే నడుస్తున్నా సరే, ఆ పట్టీ ఒకసారి విప్పి చూడండి.

మీటరు పట్టుకోవడం రాకపోయినా ఫరవాలేదు, ఆటోనగర్ వెళ్లినప్పుడు చెప్పే మాట మార్చండి. “సెల్ఫ్ తీసుకోవడం లేదు” అంటే సెల్ఫ్ విప్పుతారు. “ఉదయం మొదటిసారి ఒక్క టక్ మని ఆగుతోంది, న్యూట్రల్‌లో ఊపితే తీసుకుంటోంది, సెల్ఫ్ కొట్టేటప్పుడు ఎర్త్ వైపు ఎన్ని వోల్టులు పోతున్నాయో చూడండి” అనండి. బాబాయి తరువాత ఒకరోజు తన సెల్ఫ్‌కు రీవైండింగ్ చేసిన పెద్దాయనకు మా కాగితం మీది అంకెలు చూపించారట. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివి, ఆ మీటరు ఎక్కడ పెట్టి కొలిచారో చూపించమని అడిగి, షాపులో పనిచేసే కుర్రాణ్ణి కూడా పిలిచి పక్కన నిలబెట్టుకున్నారట.